జాలి కాదు... జోకు కావాలి!

చక్రాల కుర్చీలో కథానాయకుడు... చూపు లేని హీరో... చెవులు సరిగా వినపడని చిట్టిబాబు! ఒకప్పుడు ఇలాంటి పాత్ర తెరమీదికి వస్తే ప్రేక్షకులు కొంగుతో కళ్లొత్తుకునేవారు. ఇప్పుడు ఈలలు వేస్తున్నారు. ఈ మార్పు వెనకున్న కిటుకు చిన్నదే. ఆ పాత్ర తన లోపం మీద తానే జోకేసుకోవడం లేదా పక్కవాడు వేసిన జోకుకు మనసారా నవ్వడం. అయితే, ఆ నవ్వు ఎంత దగ్గర చేస్తుందో ఒక్కోసారి అంత బరువూ మోపుతుంది.

పారిస్‌. రాత్రివేళ. ఖరీదైన నల్ల కారొకటి ట్రాఫిక్‌ని తప్పించుకుంటూ దూసుకుపోతోంది. వెనకాలే సైరన్‌ మోగించుకుంటూ పోలీసులు. వాళ్లకి దొరక్కుండా తప్పిస్తానని డ్రైవింగ్‌ సీట్లో ఉన్న కుర్రాడు పక్క సీట్లోని పెద్దమనిషితో పందెం కాస్తాడు. ఓడిపోతాడు. పోలీసులు చుట్టుముడతారు. కుర్రాడు ఏమాత్రం తొణక్కుండా రెండో పందెం కాస్తాడు... ఇదే పోలీసులు మనకి దారి చూపిస్తూ ముందు నడుస్తారని! కిందికి దిగి, లోపలున్నాయనకి కాళ్లూ చేతులూ కదలవనీ అర్జెంటుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలనీ అరుస్తాడు. అందుకు తగ్గట్టే పెద్దమనిషి మెడ వాల్చేసి, నోట్లోంచి నురగ కారుస్తూ మూర్ఛ వచ్చినట్టు నటిస్తాడు. అంతే... పోలీసుల మొహాలు మారిపోతాయి. కాసేపటికి సైరన్‌ మోగిస్తూ వాళ్లే ముందు, కారు వెనక. కారులో మాత్రం... ఒకటే నవ్వులు!

2011 నవంబరులో విడుదలైన ‘ది ఇన్‌టచబుల్స్‌’ అనే ఫ్రెంచి సినిమా ఇలా మొదలవుతుంది. ఆ పెద్దమనిషి ఫిలిప్‌కి నిజంగానే మెడ కింద శరీరం కదలదు. మామూలుగా అయితే ఇలాంటి పాత్రని ఆసుపత్రి మంచం మీదో కిటికీ పక్కన దిగులుగా కూర్చున్నట్టో పరిచయం చేస్తారు. ఇక్కడ మాత్రం మొదటి సన్నివేశంలోనే అతను పోలీసుల్ని బురిడీ కొట్టించేశాడు. దేనితో? ఎదుటివాళ్లకి తనమీద కలిగే జాలితోనే!

ఆ సన్నివేశంలో జాలిపడినవాళ్లు మోసపోయారు. అసలు సంగతి తెలిసి నవ్వినవాళ్లు అతని జట్టులో చేరిపోయారు. ప్రేక్షకుడు రెండో వర్గం. సినిమా మొదలైన పది నిమిషాల్లోపే అతను ఫిలిప్‌ని ‘పాపం’ అనుకోవడం మానేసి ‘భలేవాడే’ అనుకుంటాడు. అలా అనుకున్న ప్రేక్షకులు తక్కువమందేం కాదు. ఒక్క ఫ్రాన్స్‌లోనే ఆ సినిమాకి 1.9 కోట్లకు పైగా టిక్కెట్లు తెగాయి. కుర్రాడు డ్రిస్‌గా నటించిన ఒమర్‌ సీ 2012లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మక సెజార్‌ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు.

రెండో ఊపిరి

ఇది కట్టుకథ కాదు. ఫిలిప్‌ పోజో ది బోర్గో 1951లో పుట్టాడు. ఫ్రాన్స్‌లో పేరున్న కులీన కుటుంబం. షాంపేన్‌ తయారుచేసే పెద్ద కంపెనీలో డైరెక్టరు. గాల్లో పక్షిలా తేలే పారాగ్లైడింగ్‌ అంటే ప్రాణం. ఆ సరదాయే 1993లో అతన్ని నేలమీద పడేసింది. అప్పటికి వయసు 42. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతిని మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. మూడేళ్లకే భార్య కేన్సర్‌తో చనిపోయింది.

ఆ చీకటి రోజుల్లో అతన్ని చూసుకున్నవాడు అబ్దెల్‌ సెలూ. అల్జీరియాలో పుట్టి పారిస్‌లో పెరిగినవాడు. చిల్లర దొంగతనాలు చేసి జైలుకి వెళ్లొచ్చినవాడు. రోగి ముందు గొంతు తగ్గించి మాట్లాడాలనీ మొహం గంభీరంగా పెట్టాలనీ అతనికెవరూ నేర్పలేదు. నేర్పకపోవడమే మంచిదయింది. యజమానిని కారెక్కించుకుని తిప్పాడు, పోట్లాడాడు, నవ్వించాడు. 2001లో ఫిలిప్‌ తన అనుభవాలతో పుస్తకం రాశాడు. దాని పేరుకి తెలుగులో అర్థం... ‘రెండో ఊపిరి’!

వాళ్లిద్దరి మీద వచ్చిన టీవీ డాక్యుమెంటరీ చూసి ఒలివియే నకాష్‌, ఎరిక్‌ తొలెదానో అనే దర్శకులు సినిమా తీస్తామంటూ వెళ్తే ఫిలిప్‌ గట్టిగా కోరింది ఒకటే... సినిమా నవ్వించాలి! కష్టం అతనిది, కన్నీళ్లు అతనివి. కానీ జనం ముందుకి వెళ్లాల్సింది నవ్వేనని నిర్ణయించింది కూడా అతనే. 2023 జూన్‌లో 72 ఏళ్ల వయసులో మొరాకోలో కన్నుమూసేనాటికి అతని కథ ప్రపంచమంతా తిరిగింది. అర్జెంటీనా, అమెరికా దాన్ని మళ్లీ తీశాయి. మనకీ వచ్చింది. 2016 మార్చిలో వంశీ పైడిపల్లి దర్శకత్వంలో వచ్చిన ‘ఊపిరి’ ఆ కథే.

ఫోన్‌ అందుకో!

ఫ్రెంచి సినిమాలో చిన్న సంఘటన ఒకటుంది. ఫోన్‌ మోగుతుంది. డ్రిస్‌ తీసి, మీకే అంటూ ఫిలిప్‌ ముందుకి చేయి చాపుతాడు. ఫిలిప్‌ చేయి కదిపితేగా! ఇలా అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటుంది. నేరచరిత్ర ఉన్నవాణ్ని ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావని స్నేహితుడొకరు మందలిస్తే ఫిలిప్‌ ఈ ఫోన్‌ సంగతే చెబుతాడు. తాను కదల్లేనివాణ్నన్న విషయం డ్రిస్‌ మర్చిపోతుంటాడనీ తనకి కావలసింది సరిగ్గా అదేననీ సంబరపడతాడు.

నవ్వు చేసే మొదటి మేలు ఇదే... మరపు! వికలాంగుడు ఎదురుపడగానే చాలామందికి ఎక్కడలేని ఇబ్బంది. ఎటు చూడాలో తెలీదు. ఏమడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు. అందుకే పక్కనున్నవాళ్లతో మాట్లాడతారు. ‘ఈయన కాఫీ తాగుతారా’ అని ఆయన్ని వదిలేసి ఆయన భార్యనడుగుతారు! అలాంటి గదిలో చక్రాల కుర్చీలోని మనిషే ఒక జోకేశాడనుకోండి... బిగుసుకున్న గాలి ఒక్కసారిగా వదులవుతుంది. నా గురించి మీరు లోపల అనుకుంటున్నది నాకు తెలుసు, ఫర్వాలేదు, దగ్గరికి రండి అని ఆ జోకు చెప్పకనే చెబుతుంది.

రెండో మేలు... పగ్గాలు చేతిలోకి రావడం. తిండికీ స్నానానికీ కాలు కదపడానికీ ఇంకొకరి మీద ఆధారపడే మనిషి ఎదుటివాళ్లు ఎప్పుడు నవ్వాలో మాత్రం తానే నిర్ణయిస్తాడు. డ్రిస్‌ గడ్డం గీస్తూ మధ్యలో ఆపేసి రకరకాల మీసాలు దిద్ది, చివరికి హిట్లర్‌ మీసం పెడతాడు. ఫిలిప్‌ కేకలేస్తాడు, ఆ వెంటనే నవ్వాపుకోలేకపోతాడు. అంతకుముందే అతను జీవితం మీద విరక్తితో మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. ఆ ఆటలో అతను రోగి కాదు, సమ ఉజ్జీ.

ఇంతా చేసి ఫిలిప్‌ భయం లేనివాడేం కాదు. ఉత్తరాల్లో పరిచయమైన మహిళకి ఫొటో పంపాల్సి వస్తే, చక్రాల కుర్చీ కనిపించే ఫొటో పక్కన పెట్టించి ప్రమాదానికి ముందుదే పంపిస్తాడు. ఆమెని కలవాల్సిన రోజున ఆమె రాకముందే హోటల్లోంచి వెళ్లిపోతాడు. డ్రిస్‌ దగ్గర అంతలా నవ్విన మనిషే! ఆ పాత్ర మనసుకి హత్తుకునేది అందుకే. జోకులు మాత్రమే ఉంటే అతనో హాస్యనటుడు, బాధ మాత్రమే ఉంటే అతనో కేసు ఫైలు. రెండూ ఉన్నాయి గనుక మనిషయ్యాడు.

‘ఊపిరి’లో విక్రమాదిత్యగా నాగార్జున చేసిన ప్రయోగం కూడా చిన్నది కాదు. స్టార్‌ హీరో అంటే ఫైట్లూ స్టెప్పులూ అని అలవాటుపడిన ప్రేక్షకుల ముందు సినిమాలో ఎక్కువభాగం కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాడు. మిగిలింది మొహం ఒక్కటే. పెరోల్‌ మీద బయటికొచ్చిన శ్రీనుగా కార్తి చేసే అల్లరికి ఆ మొహంలో మెల్లగా వెలిగే నవ్వే ఆ సినిమాకి ఊపిరి.

మన తెర మీద

తెలుగు సినిమా వికలాంగ పాత్రల్ని పట్టించుకోలేదనడానికి లేదు. ‘సిరిసిరిమువ్వ’ (1976)లో మాటలు రాని అమ్మాయి కాలిమువ్వతో మాట్లాడింది. ‘సిరివెన్నెల’ (1986)లో చూపు లేని వేణుగాన విద్వాంసుడూ మాట రాని చిత్రకారిణీ మనసులు గెలిచారు. ‘మయూరి’ (1985) అయితే నిజజీవితమే. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని కృత్రిమ కాలితో మళ్లీ గజ్జె కట్టిన సుధాచంద్రన్‌ తన కథలో తానే నటించింది. ఈ పాత్రలన్నిటికీ దక్కింది గౌరవం, కన్నీరు. వాటిని చూసి చేతులు జోడించాలనిపిస్తుంది. భుజం మీద చేయి వేయాలనిపించడం మాత్రం తక్కువ.

ఇంకోవైపు కామెడీ ట్రాకులు. నత్తివాడూ చెవిటి మామయ్యా మెల్లకన్ను పెళ్లికూతురూ కనిపించగానే హాల్లో నవ్వులు. అయితే, ఆ నవ్వు వాళ్లతో కలిసి నవ్వింది కాదు, వాళ్లని చూసి నవ్వింది. కథలో వాళ్లకి పేరు కూడా అక్కర్లేదు, లోపమే పేరు. అంటే, ఒకవైపు గుడిలో విగ్రహం... మరోవైపు సంతలో బొమ్మ. మధ్యలో ఉండాల్సిన మామూలు మనిషికి చాలాకాలం చోటు దొరకలేదు.

ఆ చోటులోకి హుషారుగా అడుగుపెట్టినవాడు ‘రాజా ది గ్రేట్‌’ (2017). అనిల్‌ రావిపూడి దర్శకత్వంలో రవితేజ చేసిన రాజాకి పుట్టుకతోనే చూపు లేదు. తల్లి పోలీసు కానిస్టేబుల్‌. కొడుకుని చాటున దాచిపెట్టకుండా అన్నిటికీ సిద్ధం చేసి పెంచింది. తనకి చూపు లేదుగానీ శిక్షణ ఉందంటూ రాజా చెప్పే ఇంగ్లిషు డైలాగు ఆ రోజుల్లో పిల్లల నోళ్లలో నానింది. ఎదుటివాడు వెక్కిరించేలోపే ఆ మాట తనే అనేస్తాడు. ఇంక వెక్కిరించడానికి ఏముంటుంది? నిజజీవితంలో చూపు లేనివాళ్లు రాజాలా రౌడీల్ని చితక్కొట్టలేరన్నది వేరే సంగతి. మసాలా సినిమాల్లో చూపు ఉన్న హీరోలు చేసేవి మాత్రం మనం చేయగలమా ఏంటి!

నవ్వే ముసుగైతే...

మరుసటి ఏడాది, 2018 మార్చిలో వచ్చిన చిట్టిబాబు దారి వేరు. సుకుమార్‌ తీసిన ‘రంగస్థలం’లో రామ్‌చరణ్‌ చేసిన పాత్ర అది. పొలాలకి ఇంజను పెట్టి నీళ్లు పెట్టే పల్లెటూరి కుర్రాడు. చెవులు సరిగా వినపడవు. ఊరు పెట్టిన పేరు ‘సౌండింజనీరు’. ఆ పేరులో ఎంత వెటకారముందో అంత ముద్దూ ఉంది. చిట్టిబాబు తనకి వినపడదని ఓ పట్టాన ఒప్పుకోడు. ఎదుటివాళ్ల పెదాల కదలికను పట్టి ఏదో ఊహించుకుంటాడు, విన్నట్టే తలాడిస్తాడు, ఇంకేదో జవాబిస్తాడు. మొదటి సగంలో హాలంతా నవ్వులే.

రెండో సగంలో ఆ నవ్వులకి వడ్డీతో సహా బాకీ తీర్చుకుంటాడు దర్శకుడు. ప్రాణంలా చూసుకునే అన్న కుమార్‌బాబు మీద దాడి జరుగుతుంది. కన్నుమూసే ముందు అన్న చెప్పాలనుకున్న మాట చిట్టిబాబు చెవికి చేరదు. అంతసేపూ ఏ లోపం చూసి నవ్వామో అదే లోపం గొంతులో ముల్లులా దిగబడుతుంది. అంతకుముందు నవ్వించి ఉండకపోతే ఆ దుఃఖం అంత లోతుకి దిగేది కాదు. మరో విశేషమేంటంటే... చెవులు వినపడని కథానాయకుడున్న ఈ సినిమాకే శబ్ద మిశ్రమానికి జాతీయ అవార్డు దక్కింది.

చిట్టిబాబు చాలా ఇళ్లలో ఉంటాడు. భోజనాల దగ్గర అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వే తాతయ్యని గమనించారా? ఆయనకి జోకు వినపడలేదు. ‘ఏంటీ’ అని మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని నవ్వేశారు. కొన్ని నవ్వులు ధైర్యంలోంచి వస్తాయి. కొన్ని మొహమాటంలోంచి వస్తాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

న్యాయస్థానం గీసిన గీత

మరి, వైకల్యం మీద జోకు మంచిదా చెడ్డదా ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో ‘ఆంఖ్‌ మిచోలీ’ అనే హిందీ సినిమా వచ్చింది. ట్రైలర్‌లో మతిమరుపు తండ్రి, ఎక్కడికక్కడ ఆగిపోయే క్యాసెట్‌లాంటి నత్తివాడు, ‘సౌండ్‌ప్రూఫ్‌’ చెవిటివాడు... ఇలా ఉంటాయి పరిచయాలు. వికలాంగుల హక్కుల కోసం పనిచేసే, తానూ చక్రాల కుర్చీలో తిరిగే నిపుణ్‌ మల్హోత్రా దీనిమీద న్యాయపోరాటం చేశారు.

అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్‌, జస్టిస్‌ జె.బి.పార్దీవాలాల ధర్మాసనం 2024 జులై 8న తీర్పు చెప్పింది. సినిమాపై చర్యలకు ఆదేశించలేదుగానీ, చిత్రాలూ ప్రకటనలూ పాటించాల్సిన మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో హాస్యాన్ని రెండుగా విడదీసింది. వైకల్యమున్న మనిషిని తక్కువ చేసి కుంగదీసేది ఒకటి. వైకల్యం గురించి సమాజంలో పాతుకుపోయిన అపోహల్ని ప్రశ్నించి, అర్థం చేసుకోవడానికి తోడ్పడేది రెండోది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదంది. వికలాంగుల గురించి ఏదైనా సృష్టించేటప్పుడు వాళ్లనీ అందులో భాగస్వాముల్ని చేయాలని చెప్పింది.

ఆ కొలబద్ద పట్టుకుని చూస్తే ‘సౌండ్‌ప్రూఫ్‌’కీ ‘సౌండింజనీరు’కీ తేడా తెలుస్తుంది. రెండూ చెవుడు మీద పుట్టిన మాటలే. మొదటిచోట ఆ మాట దగ్గరే మనిషి అయిపోయాడు. రెండోచోట ఆ మాట దగ్గర మనిషి మొదలయ్యాడు. అతనికో అన్న ఉన్నాడు, ప్రేమ ఉంది, పంతం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. 2016లో వచ్చిన చట్టం అంతకుముందు ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను 21కి పెంచింది. అంతమందిని ఒక్క మాటలో తేల్చేయడం ఏ జోకుకి మాత్రం సాధ్యం?

మైకు వాళ్ల చేతికే...

ఇప్పుడు కొందరు తమ జోకు తామే చెప్పుకోవడానికి నేరుగా వేదికెక్కుతున్నారు. ముంబయికి చెందిన నిధి గోయల్‌కి టీనేజీలో చూపు పోవడం మొదలైంది. వికలాంగ మహిళల హక్కుల కోసం పనిచేస్తూనే స్టాండప్‌ కామెడీ చేస్తోంది. బ్రిటన్‌కి చెందిన లీ రిడ్లీది మరో కథ. సెరెబ్రల్‌ పాల్సీ వల్ల మాట రాదు. జోకులన్నీ టైప్‌ చేసి పెట్టుకుంటే, యంత్రం వాటిని చదివి వినిపిస్తుంది. ‘గొంతు పోయిన కుర్రాడు’ అన్న అర్థంలో పేరు పెట్టుకుని 2018లో ‘బ్రిటన్స్‌ గాట్‌ టాలెంట్‌’ పోటీ గెలిచేశాడు. మాట రాని కమెడియన్‌! వినడానికే జోకులా ఉన్న ఆ సంగతిని అతను వృత్తిగా మార్చుకున్నాడు.

‘గేమ్‌ ఆఫ్‌ థ్రోన్స్‌’ సీరియల్‌లో మాటకారి టిరియన్‌ పాత్రతో పీటర్‌ డింక్లేజ్‌ నాలుగుసార్లు ఎమ్మీ అవార్డు అందుకున్నాడు. పొట్టితనం పాత్రకే కాదు, అతనికీ ఉంది. ఫిలిప్‌, విక్రమాదిత్య, రాజా, చిట్టిబాబు పాత్రలు పోషించినవాళ్లెవరికీ ఆ వైకల్యాలు లేవు. వాళ్ల నటనని తక్కువ చేయాల్సిన పనిలేదు. కానీ, ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. షూటింగ్‌ అయ్యాక కుర్చీలోంచి లేచి వెళ్లిపోయే మనిషి నవ్వు వేరు... రాత్రికీ అదే కుర్చీలో ఉండే మనిషి నవ్వు వేరు.

నవ్వించడం డ్యూటీ కాదు!

ఆస్ట్రేలియా జర్నలిస్టు, కమెడియన్‌ స్టెల్లా యంగ్‌ ఎముకలు పెళుసుబారే వ్యాధితో పుట్టింది. చక్రాల కుర్చీలోనే తిరిగేది. ఓ బడిలో న్యాయశాస్త్ర పాఠం చెబుతుంటే ఇరవై నిమిషాలయ్యాక ఓ అబ్బాయి చేయెత్తి, ‘మీ ప్రసంగం ఎప్పుడు మొదలుపెడతారు’ అన్న అర్థంలో అడిగాడట. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు బడికొచ్చేది స్ఫూర్తినిచ్చే ఉపన్యాసం ఇవ్వడానికేనని అతని ఉద్దేశం! ఆ సంఘటనని 2014లో ఓ వేదిక మీద చెప్పి హాలంతా నవ్వించింది స్టెల్లా. ఆ నవ్వుల మధ్యే అసలు మాట చెప్పింది. మంచం మీదినుంచి లేచి, తమ పేరు తాము గుర్తుపెట్టుకున్నందుకే మెచ్చుకునే లోకం తనకి వద్దంది. అదే ఏడాది డిసెంబరులో, 32 ఏళ్లకే ఆమె కన్నుమూసింది.

ఆమె మాట నవ్వుకీ వర్తిస్తుంది. సరదా మనిషైన వికలాంగుణ్ని అందరూ ఇష్టపడతారు. మరి, విసుక్కునేవాణ్నో? ఆఫీసు మెట్ల దగ్గర ర్యాంపు లేదేమని నిలదీసేవాణ్నో? బస్సులో తనకి కేటాయించిన సీటు ఖాళీ చేయమని గట్టిగా అడిగేవాణ్నో? ‘ఎప్పుడూ ఆ కోపమేంటి’ అంటారు. అంటే, మన ఇష్టానికి నవ్వు అద్దెలాంటిదన్నమాట. కట్టినన్నాళ్లే ఇంట్లో చోటు! కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నవాళ్లని మాత్రం ఆ అద్దె అడగరు. వాళ్లు చిరాకుపడ్డా, చిర్రుబుర్రులాడినా ఇంటివాళ్లే.

ఫిలిప్‌ మనకి నచ్చింది జోకులేసినందుకు మాత్రమే కాదు. అతను నవ్వని రోజున కూడా డ్రిస్‌ వచ్చి పక్కన కూర్చున్నాడు కాబట్టి. తెరమీద ఆ నవ్వు దారి చూపించింది, నిజమే. దాని వెంట నడిచి లోపలికి వెళ్తే అక్కడ ఉండేది ఓ మామూలు మనిషి. అతనికి నవ్వొచ్చినప్పుడు నవ్వుతాడు. రానప్పుడు నవ్వడు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర తాతయ్య ఓ క్షణం ఆలస్యంగా నవ్వితే చూసీ చూడనట్టు ఊరుకోకండి. పక్కకి జరిగి, ఆయన మొహంలోకి చూస్తూ ఆ జోకుని ఇంకోసారి చెప్పండి. ఈసారి వచ్చేది ఆయన నవ్వు. ఒకవేళ జోకు బాలేదని ఆయన మొహం చిట్లిస్తే... మరీ మంచిది!